చేరిన రోజా, పర్మినెంట్ అయిన రోజా? నగరపాలిక ఉద్యోగుల సర్వీసు జీతం లెక్క

2025 మే 1, కార్మిక దినోత్సవం నాడు బెంగళూరులో వీధులూడ్చే పౌరకార్మికులు 12,692 మందికి పర్మినెంట్ ఉద్యోగపు ఉత్తర్వులు అందాయి. వాళ్లలో తెలుగు ఇళ్లవాళ్లు ఎందరో. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు; ఇంట్లో తెలుగు, మేస్త్రీతో కన్నడ. ఉత్తర్వు చేతికొచ్చిన సంతోషం వెనకే ఒక సందేహం కూడా వచ్చింది. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు వీధులూడ్చిన కాలం ఈ కొత్త జీతంలో ఎక్కడైనా కనిపిస్తుందా?

కలుస్తుందని కొందరు, కలవదని కొందరు అంటున్నారు. ఇద్దరి మాటా సగం నిజమే. ‘సర్వీసుకు తగ్గ డబ్బు’ అని మనం ఒకే మాటగా అనేస్తాం కానీ, దాని కింద నాలుగైదు వేర్వేరు డబ్బులున్నాయి. ఒక్కోదానికి ఏళ్ల లెక్క ఒక్కో రోజు నుంచి మొదలవుతుంది. చిక్కంతా అక్కడే.

జీతం పెరిగిందంటే సర్వీసుకే పెరిగినట్టు కాదు

ముందు పే స్లిప్పు దగ్గర కూర్చుందాం. బేసిక్, డీఏ, ఇంటి అద్దె భత్యం, తర్వాత కోతలు. ఏడాదిలో రెండు మూడుసార్లు చేతికొచ్చే మొత్తం మారుతుంది. మారిన ప్రతిసారీ ‘ఇంక్రిమెంట్ పడింది’ అనుకోవడం మామూలైపోయింది.

డీఏ ధరలకు సంబంధించింది. బియ్యం, పప్పు, బస్సు చార్జీ పెరిగినందుకు ఇచ్చేది. నిన్న చేరిన వాడికీ, ముప్ఫయ్యేళ్ల సర్వీసున్న ఆవిడకీ శాతం ఒక్కటే. అందులో అనుభవానికి చోటు లేదు.

వేతన సంఘం పెంపు కూడా అంతే. కర్ణాటకలో మాజీ ప్రధాన కార్యదర్శి కె.సుధాకర్ రావు అధ్యక్షతన పనిచేసిన ఏడో వేతన సంఘం సిఫార్సులు 2024 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 2022 జూలై 1 నాటికి ఉన్న 31 శాతం డీఏను బేసిక్‌లో కలిపి, పాత బేసిక్ మీదే ఇంకో 27.5 శాతం ఫిట్‌మెంట్, అంటే పెంపు, ఇచ్చారు. కనీస బేసిక్ రూ.17,000 నుంచి రూ.27,000 అయింది. చూడటానికి పెద్ద గంతు. కానీ అందులో చాలా భాగం అప్పటికే డీఏ రూపంలో అందుతున్న డబ్బు. ఇదీ సర్వీసును బట్టి ఇచ్చింది కాదు, అందరి మెట్లనూ ఒకేసారి పైకి జరిపారు.

సర్వీసును బట్టి వచ్చేవి నిజానికి మిగిలిన రెండే. ఒకటి ఏటా పడే ఇంక్రిమెంట్. ఏడాది పనిచేస్తే స్కేలులో ఒక మెట్టు. కేంద్రంలో, తమిళనాడులో అది 3 శాతం. కర్ణాటకలో శాతంగా కాకుండా స్కేలులోనే రూపాయల్లో రాసి ఉంటుంది. రెండోది, ఇన్నేళ్లు ఒకే పోస్టులో ఉండిపోతే ఇచ్చే అదనపు మెట్టు. అమెరికాలో నగరపాలికలు లాంజెవిటీ పే అని పిలిచేదానికి మన దగ్గర దగ్గరి చుట్టం ఈ రెండోదే.

ఇంకొకటి చివర్లో వచ్చేది, గ్రాట్యుటీ. అది జీతం కాదు, కానీ సర్వీసుకు కట్టే ధరే. దాని సంగతి తర్వాత.

ప్రమోషన్ లేని ఉద్యోగానికి పదేళ్ల మెట్టు

ఊడ్చే పనిలో చేరినవాళ్లకు పైన ఎన్ని పోస్టులుంటాయి? వందల మంది స్వీపర్లకు కొద్దిమంది మేస్త్రీలు, సూపర్‌వైజర్లు. గుమాస్తాల పరిస్థితి కొంచెం మెరుగు, అంతే. పై మెట్టు ఖాళీ అయ్యేలోపు కింద ఉన్నవాళ్లు రిటైరైపోతారు. పని అదే, హోదా అదే, స్కేలూ అదే అయితే పదేళ్ల తర్వాత మనిషికి ఉత్సాహం ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నకు ప్రభుత్వాలు కనిపెట్టిన జవాబే కాలపరిమితి పదోన్నతి. పోస్టు ఖాళీ లేకపోయినా స్కేలు మాత్రం మారుస్తారు.

కర్ణాటకలో 1983 నాటి టైమ్ బౌండ్ అడ్వాన్స్‌మెంట్ నిబంధనల ప్రకారం పదేళ్లు ప్రమోషన్ లేకుండా ఒకే పోస్టులో ఉంటే పై స్కేలు ఇస్తారు. 1991 నిబంధనలు పదిహేనేళ్లకు ఇంకోటి చేర్చాయి. ఇరవయ్యేళ్లకూ ప్రమోషన్ రాకపోతే అదనపు ఇంక్రిమెంట్ ఉంది. తమిళనాడులో పదేళ్లకు సెలక్షన్ గ్రేడ్, ఇరవయ్యేళ్లకు స్పెషల్ గ్రేడ్. కేంద్ర ప్రభుత్వం 1999లో 12, 24 ఏళ్లకు రెండుసార్లు పై స్కేలు ఇచ్చే ఏసీపీ (అష్యూర్డ్ కెరీర్ ప్రోగ్రెషన్) పథకం తెచ్చింది. 2008 సెప్టెంబరు 1 నుంచి దాని స్థానంలో వచ్చిన సవరించిన రూపం ఎంఏసీపీ 10, 20, 30 ఏళ్లకు మూడుసార్లు ఇస్తుంది.

ఇక మన వైపు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము ఉండనే ఉంది: 6, 12, 18, 24 ఏళ్లు. ఆరేళ్లకే స్పెషల్ గ్రేడ్. పండక్కి హిందూపురం వెళ్లినప్పుడు అక్కడి టీచరు బావగారు ‘నాకు ఆరేళ్లకే స్కేలు మారింది, మీకు పదేళ్లా!’ అని ఆశ్చర్యపోవడం, ఇక్కడివాళ్లు చిన్నబుచ్చుకోవడం బెంగళూరు తెలుగు ఇళ్లల్లో జరిగేదే. ఏళ్లను మాత్రమే పోల్చితే ఆ మాట నిజం. కానీ ఆరేళ్లకొచ్చే మెట్టు ఎంత పొడుగు, పదేళ్లకొచ్చేది ఎంత పొడుగు అన్నది స్కేలును బట్టి ఉంటుంది. ఏళ్లను పోల్చి ఊరుకుంటే లెక్క తేలదు.

ఈ పథకాలన్నింటిలో ఉమ్మడిగా ఉన్న మెలికలు రెండు. స్కేలు మారినా హోదా మారదు. అలాగే మధ్యలో నిజమైన ప్రమోషన్ వచ్చిందంటే అది ఈ మెట్లలో ఒకదానికి చెల్లు. కేంద్ర పథకంలో ప్రమోషన్ వద్దన్నవాళ్లకు ఈ లాభం కూడా ఆగిపోతుంది. ఊరు మారాల్సి వస్తుందని ప్రమోషన్ వద్దనుకున్నవాళ్లు ఆ తర్వాత తల పట్టుకునేది ఇక్కడే.

కేంద్ర పథకంలో ‘పై స్కేలు’ అంటే ఏ పై స్కేలు అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రమోషన్ వస్తే దక్కే పోస్టు స్కేలా, లేక పట్టికలో వెంటనే పైనున్న స్కేలా? మోహనన్ నాయర్ కేసులో 2020 మార్చిలో కోర్టు రెండోదే అంది. పట్టికలో ఒక గడి పైకి, అంతే. ఉద్యోగులు ఆశించింది మొదటిది.

అంకెల్లో చూస్తే

కర్ణాటక కొత్త పట్టికలో అట్టడుగు స్కేలు ఇలా సాగుతుంది. రూ.27,000తో మొదలై నాలుగేళ్లు ఏటా 650 చొప్పున రూ.29,600కు, తర్వాత నాలుగేళ్లు 725 చొప్పున రూ.32,500కు, ఆపైన 800 చొప్పున రూ.35,700కు, 900 చొప్పున రూ.39,300కు; వెయ్యి చొప్పున రూ.43,300కు, చివరి మూడు మెట్లు 1,125 చొప్పున రూ.46,675 దగ్గర ఆగుతుంది. మొత్తం 23 మెట్లు.

ఇప్పుడు ఒకామెను ఊహించుకుందాం. లక్ష్మమ్మ అనుకుందాం. 2005లో కాంట్రాక్టరు కింద పనిలో చేరింది. 2025లో, 47వ ఏట పర్మినెంట్ అయింది. 60 ఏళ్లకు రిటైర్మెంట్, అంటే 2038. ఆమె బేసిక్ రూ.27,000 దగ్గర మొదలై, పదేళ్లకు 2035లో రూ.34,100 అవుతుంది. అప్పుడు టైమ్ బౌండ్ మెట్టు వస్తుంది. దాని వల్ల ఒక్క మెట్టు పైకి జరిగిందనుకుంటే లాభం రూ.800, దాని మీద డీఏ, అద్దె భత్యం. పదిహేనేళ్ల మెట్టు ఆమెకు రాదు, రెండేళ్ల ముందే రిటైరవుతుంది కాబట్టి. ఇరవయ్యేళ్ల మాట అసలే లేదు.

అదే 2005లోనే ఆమెను పర్మినెంట్‌గా తీసుకుని ఉంటే? 2025 నాటికి ఇరవై మెట్లు ఎక్కి ఉండేది. ఆ స్కేలులో ఇరవయ్యో మెట్టు రూ.43,300. టైమ్ బౌండ్ లాభాలు కలపకుండానే ఇది. ఒకే వీధిలో, ఒకే చీపురుతో, ఒకే ఏడాది పనిలో దిగిన ఇద్దరి మధ్య బేసిక్‌లోనే నెలకు రూ.16,300 తేడా.

ఈ పోలికలో ఒక విషయం మరుగున పడకూడదు. పదేళ్ల మెట్టు గురించి యూనియన్ మీటింగుల్లో ఎంత చర్చ జరిగినా, అసలు డబ్బు దాంట్లో లేదు. ఏటా చప్పుడు చేయకుండా పడే ఇంక్రిమెంట్లలో ఉంది. ఇరవయ్యేళ్ల ఇంక్రిమెంట్ల ముందు ఒక టైమ్ బౌండ్ మెట్టు ఏపాటి? 3 శాతం పద్ధతిలో చూసినా అంతే: ఏటా 3 శాతం చొప్పున ఇరవయ్యేళ్లకు బేసిక్ 1.8 రెట్లవుతుంది.

ఏళ్ల లెక్క ఎప్పుడు మొదలు?

మా వీధి ఊడ్చే అక్క ఉత్తర్వు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. కన్నడలో ఉన్నదాన్ని ఆమె కూతురు అప్పటికే చదివి చెప్పింది. అయినా ఇంకొకరితో చదివించుకోవాలని. ‘ఇరవై రెండేళ్లు ఊడ్చినానన్నా, ఇప్పుడు కొత్తగా చేరినట్టు రాసినారే?’ అంది. కోపం కాదు, అర్థం కాకపోవడం.

అది కొత్త నియామకమే అక్కా, అందుకే అలా రాశారు. మాటల్లో క్రమబద్ధీకరణ అంటున్నా, కాగితం మీద జరిగింది పౌరకార్మికుల కోసం చేసిన ప్రత్యేక నియామకం. పాత అనుభవం ఆ నియామకానికి అర్హతగా పనికొచ్చింది. ఇంక్రిమెంట్ లెక్కకు మాత్రం పనికిరాదు. స్కేలు కింది మెట్టు నుంచి మొదలు.

ఆమె ఇరవై రెండేళ్లలోనూ అన్ని ఏళ్లూ ఒక రకం కాదు. 2018 దాకా కాంట్రాక్టర్ల కింద. ఆ ఏడాది బెంగళూరులో వీధులూడ్చేవాళ్లకు కాంట్రాక్టరును తప్పించి పాలికే నేరుగా జీతం వేయడం మొదలుపెట్టింది. బయోమెట్రిక్ హాజరు, బ్యాంకు ఖాతాలో జీతం. 2018 నుంచి 2025 వరకు ఆ నేరు జీతపు కాలం. 2025 తర్వాత పర్మినెంట్. ఒక మనిషికి మూడు సర్వీసులు. మొదటిదానికి కాగితం దాదాపు ఉండదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పేరు మళ్లీ కొత్తగా రాసుకున్నారు. రెండోదానికి బ్యాంకు పాస్‌బుక్ సాక్ష్యం. మూడోదానికి మాత్రమే సర్వీసు రిజిస్టర్ ఉంది.

ఆమె ఊడ్చి కుప్ప పెట్టిన చెత్తను ఎత్తే ఆటో టిప్పరు డ్రైవరు, హెల్పరు సంగతి ఇంకోటి. వాళ్లు 2018 మార్పులో లేరు, కాంట్రాక్టరు కిందే మిగిలిపోయారు. వాళ్లకు స్కేలు లేదు కాబట్టి మెట్లూ లేవు. కనీస వేతనం పెరిగితే జీతం పెరుగుతుంది. మొదటి ఏడాదివాడికీ పదిహేనో ఏడాదివాడికీ అదే.

చెన్నైలో 2025 ఆగస్టులో కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు పారిశుద్ధ్య కార్మికులు పదమూడు రోజులు కూర్చున్నది కూడా ఈ కోవలోని గొడవకే. రాయపురం, తిరు.వి.క.నగర్ జోన్ల పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించడంతో, కార్పొరేషన్ కిందే ఉంచి పర్మినెంట్ చేయాలని వాళ్లడిగారు. ఆ బైఠాయింపులోనూ తెలుగు గట్టిగానే వినిపించింది. యజమాని మారితే సర్వీసు లెక్క సున్నా నుంచి మొదలవుతుందన్నది వాళ్ల భయాల్లో ఒకటి, అది ఒట్టి భయం కాదు.

కోర్టులు రెండు దిక్కులకూ నడిచాయి

పాత సర్వీసును లెక్కలోకి తీసుకోకపోవడానికి ప్రభుత్వాలు చూపించే పెద్ద తీర్పు కర్ణాటకదే. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, దొడ్డిదారిన చేరినవాళ్లను ఎన్నాళ్లు పనిచేశారన్న ఒక్క కారణంతో పర్మినెంట్ చేయడం కుదరదంది. ఉద్యోగం కోసం వరసలో నిలబడ్డ మిగతావాళ్లకు అన్యాయం అన్నది వాదన. మంజూరైన పోస్టుల్లో పదేళ్లకు పైగా పనిచేసినవాళ్లకు మాత్రం ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది.

పదేళ్ల తర్వాత, 2016 అక్టోబరులో పంజాబ్ జగ్జీత్ సింగ్ కేసు తీర్పు వచ్చింది. పర్మినెంట్ ఉద్యోగి చేసే పనే తాత్కాలిక ఉద్యోగి చేస్తే ఆ స్కేలు కనీస మొత్తమైనా ఇవ్వాలంది. ‘సమాన పనికి సమాన వేతనం’ అని పత్రికలు పెద్దక్షరాల్లో వేశాయి. కానీ ‘కనీస మొత్తం’ అన్న మాట దగ్గర ఆగి చూడాలి. స్కేలు మొదటి మెట్టు వరకే ఆ సమానత్వం. మెట్లెక్కడం, అంటే ఇంక్రిమెంట్లు, అందులో లేవు. సర్వీసు ధర అడిగేవాళ్లకు ఆ తీర్పు సగం దూరమే తీసుకెళ్లింది.

ఈమధ్య గాలి కొంచెం మారింది. 2024 డిసెంబరులో జగ్గో కేసు. కేంద్ర జల సంఘం కార్యాలయంలో ఊడ్చే పని, సహాయకుడి పని ఏళ్ల తరబడి చేసి, 2018లో తీసేయబడ్డవాళ్లది. ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని ఇలాంటివాళ్లను తోసేయడం తగదని కోర్టు మందలించింది. వాళ్లను తిరిగి తీసుకుని పర్మినెంట్ చేయమంది. ఇక్కడ మనకు కావలసిన వాక్యం వేరే ఉంది: పని లేకుండా కూర్చున్న కాలానికి పాత జీతం రాదు, కానీ ఆ కాలాన్ని సర్వీసు కొనసాగినట్టే భావించి రిటైర్మెంట్ లాభాలకు లెక్కించాలి. 2025 జనవరిలో ఘజియాబాద్ నగర నిగమ్ తోటమాలుల కేసులోనూ సర్వీసు కొనసాగింపు ఇచ్చారు.

అంటే కోర్టులు ఏళ్లను రెండు సంచుల్లో వేస్తున్నాయి. నెల జీతం పెంచే ఏళ్లు వేరు, రిటైరయ్యాక వచ్చేవాటిని పెంచే ఏళ్లు వేరు. రెండో సంచిలో వేయడానికి ఒప్పుకున్నంత సులువుగా మొదటి సంచిలో వేయడానికి ఒప్పుకోవడం లేదు. నా వరకు నాకు ఈ తేడా న్యాయం కంటే సర్దుబాటులాగే కనిపిస్తుంది. ఖజానా మీద ఇవాళే భారం పడకుండా రేపటికి నెట్టే సర్దుబాటు.

దినాల లెక్క ఎంత పట్టింపుగా ఉంటుందో చెప్పడానికి ఇంకో కర్ణాటక కేసు ఉంది. ఏడాదంతా పనిచేసి, ఇంక్రిమెంట్ చేతికొచ్చే ముందురోజు రిటైరైతే? మరుసటి రోజు ఉద్యోగంలో లేడు కాబట్టి ఇవ్వనక్కర్లేదన్నది కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ, కేపీటీసీఎల్ వాదన. ముందినమని కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఇంక్రిమెంట్ అంటే గడిచిన ఏడాది పనికి సంపాదించుకున్నది, రాబోయే రోజుకు ఇచ్చేది కాదంది. దేశమంతటా జూన్ 30న రిటైరైన వేలమంది ఈ తీర్పు కాగితాలు పట్టుకుని ఆఫీసులకు తిరిగారు.

గ్రాట్యుటీ దారి వేరు

జీతం మెట్లలో పోయిన ఏళ్లు గ్రాట్యుటీలో కొంతవరకు దొరుకుతాయి. దీనికి స్కేలు, పోస్టు, నియామకపు ఉత్తర్వు అక్కర్లేదు. ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు ఎడతెగకుండా పనిచేస్తే చాలు. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది ఎడతెగనిదే. సర్వీసు మధ్యలో కావాలని ఒకటి రెండు రోజులు విరామం చూపించే పాత ఎత్తు ఇక్కడ పారదు. మునిసిపాలిటీలకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2019లో కాన్పూర్ నగర నిగమ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక చట్టం పేరు మారినా, ఏడాదికి పదిహేను రోజుల వేతనం అన్న సూత్రం మారలేదు.

లెక్క చూద్దాం. నేరు జీతపు కాలం ఏడేళ్లు, చివరి నెల వేతనం రూ.18,000 అనుకుంటే: 18,000ను 26తో భాగించి, 15తో గుణించి, మళ్లీ 7తో గుణిస్తే సుమారు రూ.72,700. పెద్ద మొత్తమేం కాదు, కానీ ‘ఆ ఏళ్లకు ఏమీ రాదు’ అన్న మాట తప్పని చూపిస్తుంది. పర్మినెంట్ సర్వీసుతో కలిపి చివరి జీతం మీద లెక్కిస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. విడివిడిగా లెక్కించాలా, కలిపి లెక్కించాలా అన్నదే రేపటి తగాదా. 2018కి ముందు కాంట్రాక్టరు కాలానికి యజమాని ఎవరన్నది అంతకంటే పెద్ద తగాదా.

పెన్షన్ విషయంలో అయోమయం తక్కువ, నిరాశ ఎక్కువ. కర్ణాటకలో 2006 ఏప్రిల్ 1 తర్వాత చేరినవాళ్లకు ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్). అందులో పెన్షన్, ఉద్యోగి ఖాతాలో పోగైన డబ్బును బట్టి ఉంటుంది. పాత ఏళ్లను సర్వీసుగా గుర్తించినా, ఆ ఏళ్లలో ఖాతాలో డబ్బు పడలేదు కాబట్టి ఫలితం ఉండదు.

అమెరికా నగరాలు ఎలా ఇస్తాయి

బెంగళూరులో అమెరికా పేరోల్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే మన పిల్లలకు లాంజెవిటీ పే అన్న గడి తెలిసే ఉంటుంది. అక్కడ అది స్కేలులో కలవదు, పక్కన విడిగా కనిపిస్తుంది. టెక్సాస్‌లో పదివేల జనాభా దాటిన ఊళ్లలో అగ్నిమాపక, పోలీసు సిబ్బందికి సర్వీసులో ప్రతి ఏడాదికి నెలకు 4 డాలర్లు, పాతికేళ్ల వరకు ఇవ్వాలని రాష్ట్ర చట్టమే చెబుతుంది. అంటే గరిష్ఠం నెలకు 100 డాలర్లు. నార్త్ కరొలైనా రాష్ట్ర ఉద్యోగులకు శాతం పద్ధతి: పదేళ్లకు ఏడాది జీతంలో 1.5 శాతం, పదిహేనేళ్లకు 2.25, ఇరవయ్యేళ్లకు 3.25, పాతికేళ్లకు 4.5. ఏడాదికి ఒకసారి మొత్తంగా చేతికి. 50,000 డాలర్ల జీతగాడికి ఇరవయ్యో ఏట 1,625 డాలర్లు.

రూపాయి మొత్తమా, శాతమా అన్న ఎంపిక చిన్నది కాదు. ఒకే మొత్తం ఇస్తే చిన్న ఉద్యోగికి అది పెద్ద పెరుగుదల, పెద్ద అధికారికి చిల్లర. శాతమైతే పైవాడికి ఎక్కువ పోతుంది. ఇంతని ఒకే అంకె ఇస్తే ధరలు పెరిగేకొద్దీ విలువ కరిగిపోతుంది. చట్టం మార్చేదాకా ఆ 4 డాలర్లు 4 డాలర్లే. మన ఇంక్రిమెంట్ బేసిక్‌లో కలిసి, డీఏకూ ఎన్‌పీఎస్ వాటాకూ ఆధారమవుతుంది. అందుకే మన పద్ధతి ఉద్యోగికి మంచిది, పాలికకు ఖరీదైనది.

ఏళ్లకు డబ్బివ్వడం సబబేనా?

కాదనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసుకోలేం. కాలం గడిచినందుకు జీతం పెంచితే బాగా చేసినవాడూ, కుర్చీలో కునికినవాడూ ఒకటే అవుతారు. ఆస్తిపన్ను కట్టేవాళ్ల డబ్బుతో నడిచే పాలికలో జీతాల ఖర్చు ఎవరూ నిర్ణయం తీసుకోకుండానే ఏటా పెరుగుతూ పోతుంది. రోడ్డుకూ కాలువకూ మిగిలేది తగ్గుతుంది. పైగా పర్మినెంట్ ఉద్యోగి ఖరీదు పెరిగేకొద్దీ కొత్త పోస్టులు వేయకుండా కాంట్రాక్టుకు ఇచ్చే ఆశ పెరుగుతుంది. ఈ చివరి మాట చేదుగా ఉన్నా, ముప్ఫయ్యేళ్లుగా మన నగరాల్లో కళ్లముందు జరిగింది అదే. కేంద్రం 2016లో ఎంఏసీపీకి ‘గుడ్’ కాదు, ‘వెరీ గుడ్’ రేటింగ్ ఉండాలని మార్చింది కూడా ఈ ఆలోచనతోనే.

అవుననేవాళ్లు అడిగేది: వీధి ఊడ్చే మనిషి పనితనాన్ని ఏ రేటింగుతో కొలుస్తారు? రేటింగ్ వేసేది మేస్త్రీ. అతని చేతిలో జీతం మెట్టు పెడితే ఏమవుతుందో ఆ పని చేసే ఆడవాళ్లనడిగితే చెబుతారు. ఏళ్లను లెక్కించడంలో ఒక మంచి ఉంది: అందులో ఎవరి దయా లేదు. ఆర్థికవేత్తల్లోనూ దీన్ని సమర్థించినవాళ్లున్నారు. ఎడ్వర్డ్ లాజియర్ 1979లో చెప్పిన దాని సారం ఇది: వయసులో ఉన్నప్పుడు చేసిన పనికి తక్కువిచ్చి, తర్వాత ఎక్కువిచ్చే ఒప్పందం ఇద్దరికీ లాభమే, మనిషి నిలబడి పనిచేస్తాడు కాబట్టి. అంటే సీనియర్ జీతంలో కొంత భాగం ఎప్పుడో చేసిన పనికి బాకీ.

ఈ వాదనను పౌరకార్మికులకు పెట్టి చూస్తే విషయం ఇంకా పదునెక్కుతుంది. తక్కువిచ్చిన కాలం పూర్తయింది. మోకాళ్లు, నడుము, ఊపిరితిత్తులు ఆ కాలంలోనే అరిగాయి. ఎక్కువివ్వాల్సిన కాలం వచ్చేసరికి ఏళ్ల లెక్కను మొదటికి తిప్పారు. పనితీరు జీతం మేలా, సర్వీసు జీతం మేలా అన్న చర్చలో నేను ఏ పక్షమని అడిగితే వెంటనే చెప్పలేను. ఇక్కడ మాత్రం చర్చ అది కాదు. సర్వీసు జీతమే పద్ధతిగా ఉన్న చోట కొందరి సర్వీసును మాత్రం లెక్కించకపోవడం గురించి.

ఎవరి ఖజానా నుంచి?

పాత ఏళ్లను కలపమంటే ప్రభుత్వం వైపు నుంచి వచ్చే మొదటి ప్రశ్న డబ్బు ఎవరిదని. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నుంచి నగరపాలికలకు హోదా ఇచ్చింది, చెత్త పని వాటిదేనని పన్నెండో షెడ్యూల్ చెబుతుంది. పన్నులు వేసే శక్తి మాత్రం అంతే వేగంగా రాలేదు. జీతం స్కేళ్లను నిర్ణయించేది రాష్ట్రం, మోసేది చాలాచోట్ల పాలిక. 2025 జూలైలో కర్ణాటక నగరపాలికల ఉద్యోగులు పని ఆపి రోడ్డెక్కినప్పుడు వాళ్ల డిమాండ్లలో ముఖ్యమైనది ఏడో వేతన సంఘం జీతాలు తమకూ ఇవ్వాలని, ఆ ఖర్చు రాష్ట్రమే భరించాలని.

మధ్యేమార్గంగా కొన్ని ఆలోచనలు వినిపిస్తుంటాయి. పాత ఏళ్లకు బకాయిలు ఇవ్వకుండా, టైమ్ బౌండ్ మెట్టుకు మాత్రం ఆ ఏళ్లను లెక్కించడం ఒకటి. అలా చేస్తే మన లక్ష్మమ్మకు పదేళ్ల మెట్టు కోసం 2035 దాకా ఆగే పని ఉండదు, ఖజానాకు మనిషికి నెలకు వందల్లోనే భారం. నేరు జీతపు కాలానికి, అంటే 2018 తర్వాతి ఏళ్లకు మాత్రం మెట్లివ్వడం ఇంకొకటి. ఏడు మెట్లంటే ఈ స్కేలులో రూ.31,775, కింది మెట్టు కన్నా రూ.4,775 ఎక్కువ. ఈ కాలానికి బ్యాంకు రికార్డు ఉంది, యజమాని ఎవరన్న తగాదా లేదు. దీన్ని కాదనడానికి ఖర్చు తప్ప వేరే కారణం చూపడం కష్టం. ఇచ్చాక మిగతా శాఖల తాత్కాలిక ఉద్యోగులు కూడా అడుగుతారన్నది అధికారుల గుబులు, నిజమే, అడుగుతారు.

ఇంతలో యజమాని పేరే మారింది. గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2025 మే 15న అమల్లోకి వచ్చి, సెప్టెంబరు 2 నుంచి అప్పటిదాకా ఉన్న ఒకే బెంగళూరు మహానగర పాలిక, బీబీఎంపీ స్థానంలో సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని అయిదు నగరపాలికలయ్యాయి. మేలో ఒక యజమాని ఉత్తర్వు అందుకున్నవాళ్లు సెప్టెంబరుకు వేరే యజమాని కిందికి వెళ్లారు. పర్మినెంట్ వాళ్లకు సర్వీసు రిజిస్టర్ వెంట వస్తుంది. 2018 నుంచి 2025 దాకా నేరు జీతపు హాజరు పట్టీలు ఏ పాలిక బీరువాలో ఉంటాయో, గ్రాట్యుటీ అడిగే రోజున ఎవరు తీసి చూపిస్తారో, అది ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చాల్సిన పని.